కాటా మీద చెత్త, కంచె అవతల మనిషి: డంపింగ్ యార్డు చరిత్ర

నగరాల చరిత్ర రాసినవాళ్ళు కోటల గురించి రాశారు, చెరువుల గురించి రాశారు, రోడ్ల గురించి రాశారు. ఆ నగరాల చెత్త ఎటు పోయింది, ఎవరు మోశారు, పోసిన చోట ఎవరు బతుకుతున్నారు అన్నది రాసినవాళ్ళు తక్కువ. ఇవాళ డంపింగ్ యార్డు అనగానే పర్యావరణ సమస్య అంటారు. కాదని మేం అనడం లేదు. కానీ పర్యావరణం అన్న మాట రాకముందు నుంచే చెత్తకు కులం ఉంది. చెత్త ఎక్కడ పోయాలో, ఎవరు ముట్టాలో తేల్చింది కులమే. ఈ వ్యాసంలో మేం చూపదలచుకున్నది ఒక్కటే. దిబ్బను నడిపే పద్ధతి శాస్త్రీయమయ్యేకొద్దీ చెత్తకు లెక్క కుదిరింది. ఆ చెత్తను చేత్తో ముట్టే మనిషి మాత్రం లెక్కలోకి రాలేదు.

పెంటదిబ్బ ఎవరిది?

పాత ఊళ్ళో ఇప్పటి అర్థంలో చెత్త లేదు. పేడ, బూడిద, కుళ్ళిన గడ్డి, ఇల్లూడ్చిన మట్టి అన్నీ పెంటదిబ్బకు చేరేవి. ఏడాదికోసారి ఆ పెంట బండ్లకెక్కి పొలానికి పోయేది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పనికొచ్చే పెంట పొలం ఉన్న ఆసామిది. ముట్టుకుంటే మైల అయ్యే చచ్చిన గొడ్డు మాత్రం మాదిగవాడి బాధ్యత. పెంటను దిబ్బనుంచి ఎత్తి పొలంలో చల్లింది కూడా చాలాచోట్ల మాల మాదిగ పాలేర్లే. అయినా దానిమీద హక్కు వాళ్ళది కాదు. అంటే వ్యర్థంలో ఉన్న విలువ ఒకరికి, వ్యర్థంలో ఉన్న మైల ఇంకొకరికి. ఈ పంపకమే తర్వాత పట్టణానికి వచ్చింది. ఇప్పటి లాండ్‌ఫిల్ దాకా నడిచింది కూడా ఇదే.

వలస పాలనలో మున్సిపాలిటీలు వచ్చాయి. వెట్టి జీతమైంది, కులం ఉద్యోగమైంది. కోస్తా పట్టణాల్లో రెల్లి వాళ్ళు, మాదిగలు, హైదరాబాద్‌లో మెహతర్లు పాకీపనికీ, ఊడ్చే పనికీ కుదురుకున్నారు. కుదురుకున్నారు అనడం కన్నా ఇంకో పనికి తలుపులు మూసి కుదిర్చారు అనడం సరైనది. మన దేశంలో ఒక మనిషి చేసే పనివల్ల పాకీవాడు కావడం లేదని, ఆ పని చేసినా చేయకపోయినా పుట్టుకవల్లే అవుతున్నాడని అంబేద్కర్ 1945లో రాశారు. మున్సిపల్ హాజరుపట్టీ ఆయన మాటకు సాక్ష్యం. తండ్రి పేరు కొట్టేసిన చోట కొడుకు పేరు ఎక్కేది.

అంబేద్కర్ నడిచిన బొంబాయినే చూద్దాం. 1927 మార్చిలో మహాడ్ చెరువు నీళ్ళు ముట్టే హక్కుకోసం దళితులు కదిలారు. చచ్చిన గొడ్డును ఈడ్చే పని మానేయమని అంబేద్కర్ మహర్లకు పిలుపునిచ్చింది కూడా ఆ కాలంలోనే. అదే 1927లో బొంబాయి శివార్లలో దేవనార్ చెత్తదిబ్బ మొదలైంది. రెండింటికీ నేరుగా సంబంధం ఉందని మేం చెప్పడం లేదు. కానీ ఒక పక్క దళితులు మైలపనినుంచి బయటికి నడుస్తుంటే, ఇంకో పక్క ఆధునిక నగరం అదే పనికి 132 హెక్టార్ల కొత్త చోటు తయారుచేసుకుంది. 2016 జనవరిలో ఆ దిబ్బ అంటుకుని నగరం పొగలో మునిగితే గానీ చాలామందికి దేవనార్ పేరు తెలియలేదు. దాని పక్కన బతికేవాళ్ళకు ఆ పొగ కొత్తది కాదు.

లాండ్‌ఫిల్ రాకముందు మన పట్టణాల చెత్త కంపోస్టు యార్డుకు పోయేది. ఇండోర్ పద్ధతి గురించి హోవార్డ్ 1931లో పుస్తకం రాశాడు. 1939లో ఆచార్య అనే శాస్త్రవేత్త బెంగళూరు పద్ధతి తయారుచేశాడు. కందకం తవ్వి ఒక పొర చెత్త, ఒక పొర మలం, మళ్ళీ చెత్త వేసి మట్టి కప్పడం ఆ పద్ధతి. కొన్ని నెలలకు ఎరువు తయారవుతుంది. వ్యవసాయ శాస్త్రం దీన్ని గొప్ప విజయంగా చెప్పుకుంది. ఆ మలం పొరను తట్టతో మోసి కందకంలో పరిచింది ఎవరో ఆ శాస్త్రం అడగలేదు. రసాయన ఎరువులొచ్చి, చెత్తలో ప్లాస్టిక్ కలిసి ఆ ఎరువు అడిగేవాడు లేకుండా పోయాక కందకాలు పూడాయి, దిబ్బలు లేచాయి. కంపోస్టు యార్డు పేరు మాత్రం చాలా ఊళ్ళలో అలాగే ఉండిపోయింది.

సెంటీమీటర్ల చట్టం

చెత్తను పారబోయడం వేరు, లాండ్‌ఫిల్ నడపడం వేరు. గుంతలో చెత్త పోసి, యంత్రంతో అణగదొక్కి, ఏ రోజు చెత్తను ఆ రోజే మట్టితో కప్పే పద్ధతికి అమెరికాలో 1937లో మొదలైన ఫ్రెస్నో లాండ్‌ఫిల్‌ను తొలి నమూనాగా చెబుతారు. మన దేశంలో 1996లో సుప్రీంకోర్టుకు చేరిన ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000 సెప్టెంబరులో మున్సిపల్ ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. లాండ్‌ఫిల్ ఎలా కట్టాలో, ఎలా నడపాలో వాటి మూడో షెడ్యూలు చెప్పింది.

ఆ షెడ్యూలు ఎంత పట్టింపుగా రాశారో చూడండి. అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిమీద 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర ఉండాలి. భూగర్భజలం ఆ పొరకు కనీసం 2 మీటర్ల కింద ఉండాలి. రోజూ కనీసం 10 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. వానాకాలానికి ముందు 40 నుంచి 65 సెంటీమీటర్లు కప్పాలి. నిండాక 60 సెంటీమీటర్ల బంకమట్టి, నీళ్ళు జారడానికి 15 సెంటీమీటర్ల పొర, మొక్కలు మొలవడానికి 45 సెంటీమీటర్ల మట్టి వేయాలి. మూసేశాక కూడా 15 ఏళ్ళు కనిపెట్టి ఉండాలి. ఇవన్నీ అవసరమే. ఈ పొరలు లేకపోతే వాననీళ్ళు చెత్తలోంచి దిగి, ఇంజనీర్లు లీచెట్ అనే నల్లటి ఊటగా మారి బావుల్లోకి చేరుతుంది. గాలాడని చెత్త కుళ్ళి మీథేన్ పుడుతుంది. అది లోపల్లోపల రగిలి ఎప్పుడో మంటై లేస్తుంది.

మరి ఇంత పట్టింపున్న షెడ్యూలులో మనుషులెక్కడ? వెతికితే రెండు చోట్ల కనపడతారు. ఒకచోట, లాండ్‌ఫిల్‌లో పనిచేసేవాళ్ళకు అప్పుడప్పుడు ఆరోగ్య పరీక్షలు చేయించాలన్నారు. మట్టి మందానికి సెంటీమీటర్లున్నాయి, పరీక్షకు మాత్రం ఎన్నాళ్ళకోసారి అన్న లెక్క లేదు. రెండోచోట, అనుమతి లేని మనుషులూ వీధి పశువులూ లోపలికి రాకుండా కాపాడాలన్నారు. చెత్త ఏరుకుని బతికే మనిషి చట్టంలోకి వచ్చింది ఇలా, పశువుతో కలిసి, ఒకే వాక్యంలో. రాసినవాళ్ళకు కులద్వేషం ఉందని అనక్కర్లేదు. ఆ వాక్యం వాళ్ళకు మామూలుగా తోచిందే, అదే అసలు విషయం.

ఇంకో సంగతి కూడా ఉంది. అదే వ్యాజ్యంలో 2000 ఫిబ్రవరిలో ఇచ్చిన ఉత్తర్వులో సుప్రీంకోర్టు మురికివాడల ప్రస్తావన తెచ్చింది. ప్రభుత్వ భూమి ఆక్రమించినవాడికి ఉచితంగా ఇంకో స్థలం ఇవ్వడమంటే జేబుదొంగకు బహుమతి ఇవ్వడమేనంది. నగరాన్ని శుభ్రంగా ఉంచమని అడిగిన కేసులో, ఆ నగరాన్ని శుభ్రం చేసేవాళ్ళుండే వాడలు నేరంగా తేలాయి. నగరంలో దొంగ, దిబ్బమీద అనుమతి లేనివాడు. ఇక ఆ మనిషి నిలబడేదెక్కడ?

కాటా, కాంట్రాక్టు, కంచె

యార్డు నడిచే తీరు కొంచెం తెలుసుకోవాలి. గేటు దగ్గర కాటా ఉంటుంది. టిప్పర్ నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూగుతుంది. తేడా ఎన్ని టన్నులో రాసుకుంటారు. ఆ టన్నుల లెక్కనే చాలాచోట్ల కాంట్రాక్టరుకు డబ్బు వస్తుంది. లోపల డోజర్ చెత్తను పరుస్తుంది, జేసీబీ ఎత్తుతుంది, మట్టి లారీలు వస్తాయి, ఊటను చెరువులా కట్టి శుద్ధి చేయాలి. ఇన్ని పనులకీ రికార్డు ఉంటుంది. టిప్పర్ ఒంగగానే వెనకాల నిలబడి చేత్తో ప్లాస్టిక్, ఇనుము, అట్టలు ఏరే ఆడవాళ్ళకు మాత్రం ఏ రికార్డులోనూ చోటు లేదు. వాళ్ళు ఏరినంత మేర దిబ్బ ఎదగడం తగ్గుతుంది, యార్డు ఆయుష్షు పెరుగుతుంది. యార్డును కాపాడే పనిలో ఇది పెద్దది. కూలి లేని పని కూడా ఇదే.

హైదరాబాద్ చెత్త ఒకప్పుడు ఆటోనగర్, గంధంగూడ లాంటి చోట్లకు పోయేది. ఊరు పెరిగేకొద్దీ దిబ్బ ఇంకాస్త దూరం జరిగింది. 2000 తర్వాతి ఏళ్ళలో జవహర్‌నగర్ నగరానికి అసలు దిబ్బయింది. అక్కడ సుమారు 350 ఎకరాలు. 2009లో ఒప్పందం రాసి ఆ పనిని ప్రైవేటు సంస్థకిచ్చారు. పాత గుట్టమీద పొరలు పరిచి క్యాపింగ్ చేశారు. 2020లో చెత్తను కాల్చి కరెంటు తీసే 19.8 మెగావాట్ల కేంద్రం మొదలైంది. నగరం లోపల ఊడ్చే పని 1990లలోనే కాంట్రాక్టు యూనిట్లకు పోయింది. వెట్టిని జీతంగా మార్చుకున్న తరం పిల్లలు, ఆ జీతానికి పర్మినెంటు లేకుండా పోవడం చూశారు. 2015 జూలైలో తెలంగాణ మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగింది ఈ చరిత్ర మీద నిలబడే.

చెత్తనుంచి కరెంటు, ఇంధనం తీయడం మొదలయ్యాక కాలే ప్లాస్టిక్, అట్ట కంపెనీకి ముడిసరుకవుతాయి. నిన్నటిదాకా ఎవరికీ అక్కర్లేని వస్తువుకు ఇవాళ యజమాని పుట్టుకొచ్చాడు. ఏరుకునేవాడు దొంగయ్యాడు. పెంట ఆసామిది, మైల మాదిగది అన్న పాత పంపకం ఇక్కడ కాంట్రాక్టు భాషలో తిరిగొచ్చింది. దిబ్బమీద చెత్త మైలగా ఉన్నన్నాళ్ళూ అది మనది. విలువ తేలిన రోజునుంచి మనది కాదు.

ఊట ఎటు పారింది

జవహర్‌నగర్ ఊట పల్లానికి పారి మల్కారం చెరువును చెడగొట్టింది. ఎవరి నీళ్ళు చెడినా పరవాలేదు అన్నది మనకు కొత్త ప్రశ్న కాదు. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగపల్లె తాగే నీళ్ళను మురికి చేయొద్దన్నందుకే. ఆ మాటకు ఆరుగురు మాదిగలు ప్రాణాలిచ్చారు. అక్కడ చెరువుగట్టున భూస్వామి కొడుకు కనపడ్డాడు. ఇక్కడ మురికి చేసేవాడు కనపడడు, నగరమంతా కలిసి చేస్తుంది. అందుకే దీనిమీద కోపం ఎవరిమీద చూపాలో తెలియదు.

నీళ్ళ తర్వాత ప్రాణాలు. 2000 జూలైలో ఫిలిప్పీన్స్‌లోని పయాటాస్ దిబ్బ కూలి రెండు వందల మందికి పైగా పోయారు. 2017 ఏప్రిల్‌లో కొలంబోలో మీతొటముల్ల దిబ్బ ఇళ్ళమీద పడింది. అదే ఏడు సెప్టెంబరులో ఢిల్లీ ఘాజీపూర్ గుట్ట విరిగి ఇద్దరు చనిపోయారు. మురుగు కాలవలో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది. దానివెనక సఫాయి కర్మచారి ఆందోళన్ చేసిన పోరాటం ఉంది. కోలార్ గనుల తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ లాంటివాళ్ళ ఏళ్ళ తరబడి శ్రమ ఉంది. కానీ దిబ్బమీద చావు ఆ తీర్పు పరిధిలోకి రాదు.

బెంగళూరును ఊడ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళితులే. అనంతపురం, చిత్తూరు వైపునుంచి తరాల కింద పోయినవాళ్ళు. ఆ నగరం చెత్త మోసిన మావళ్ళిపుర 2012లో, మండూరు 2014లో ఊరివాళ్ళు ఎదురుతిరిగాక మూతపడ్డాయి. ఊళ్ళవాళ్ళు గెలిచారు, మంచిదే. కానీ మూతపడ్డ చోటునుంచి చెత్త ఇంకో ఊరు వెతుక్కుంటుంది. చెత్త ఎత్తేవాళ్ళు మాత్రం మారరు.

లెక్క రాయించడం

పుణేలో 1993లో చెత్త ఏరుకునేవాళ్ళు కాగద్ కాచ్ పత్రా కష్టకారీ పంచాయత్ అని సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు. తాము ఏరడంవల్ల మున్సిపాలిటీకి ఎంత మోతఖర్చు మిగులుతోందో వాళ్ళు లెక్కగట్టి చూపారు. గుర్తింపు కార్డులు సాధించారు. 2008లో స్వచ్ఛ్ అనే సహకార సంఘంగా ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకునే పని తమ చేతిలోకి తెచ్చుకున్నారు. జాలి అడగలేదు, లెక్క చూపారు. దీన్నుంచి మనం నేర్చుకోవాలి.

2016 నిబంధనలు చెత్త ఏరుకునేవాళ్ళను మొదటిసారి పేరుపెట్టి గుర్తించాయి, కార్డులివ్వమన్నాయి. అవే నిబంధనల్లో లాండ్‌ఫిల్ కంచె దగ్గర అనుమతి లేని మనుషులు, వీధి పశువులు అన్న పాత మాట మళ్ళీ వచ్చింది. ఒక పేజీలో గుర్తింపు, ఇంకో పేజీలో కంచె. మన పని ఈ రెండు పేజీల మధ్య ఉంది.

మీ ఊళ్ళో డంపింగ్ యార్డు ఉంటే, కాటా రిజిస్టరు పక్కన మనుషుల రిజిస్టరు ఉందా అని అడగండి. అక్కడ ఎవరు ఏరుతున్నారు, ఏ కులంవాళ్ళు, ఎన్నేళ్ళనుంచి, ఎవరికి ఏ జబ్బు చేసింది అన్నది విద్యార్థులు రాసిపెట్టొచ్చు, ఉపాధ్యాయులు రాయించొచ్చు. యార్డు మూసేటప్పుడు మట్టికిచ్చే 15 ఏళ్ళ కనిపెట్టు, అక్కడ బతికినవాళ్ళకు కూడా ఇవ్వాలని సంఘాలు అడగాలి. ఏరినదాని మీద మొదటి హక్కు ఏరినవాళ్ళదే కావాలి. వాళ్ళ పిల్లలు దిబ్బ ఎక్కకుండా ఉండే హక్కు దానికన్నా ముందు కావాలి. ఈ రెండో మాట మర్చిపోతే, మొదటిది మన కులానికి మళ్ళీ ఆ పనినే రాసిచ్చినట్టవుతుంది.