తొలి మంచు – హిమసంపాత ప్రమాద అంచనా: చారిత్రక పరిశీలన

ఉద్దేశం

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు చలికాలం మొదట్లో కురిసే పలుచని మంచు ఎందుకు ప్రమాదకరమో వివరించగలుగుతారు. హిమసంపాత అంచనా శాస్త్రంగా ఎదిగిన క్రమాన్ని తెలుపగలుగుతారు.

పరిచయం

పర్వతపు వాలుపై పేరుకున్న మంచు ఒక్కసారిగా జారి కిందికి దూసుకురావడాన్ని హిమసంపాతం అంటారు. మంచు ఎక్కువగా ఉంటేనే ప్రమాదమని సాధారణంగా అనుకుంటాం. కాని ఎంత మంచు ఉందన్నదే కాక, అది ఎలాంటి పొర మీద నిలిచి ఉందన్నది కూడా ముఖ్యమే. ఈ సంగతి శాస్త్రీయంగా తేలడానికి చాలాకాలం పట్టింది.

మర్మోలాడా విషాదం, 1916

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆస్ట్రియా-హంగరీ, ఇటలీ సైన్యాలు ఆల్ప్స్ పర్వతాలలో తలపడ్డాయి. మర్మోలాడా శిఖరం కింద గ్రాన్ పోజ్ వద్ద ఆస్ట్రియా-హంగరీ సైనికుల బ్యారక్‌లు ఉండేవి. శత్రువుల కాల్పులు తగలని చోటు కాబట్టి దానిని ఎంచుకున్నారు. 1916 డిసెంబరులో అక్కడ రోజుల తరబడి మంచు కురిసింది. కెప్టెన్ రుడాల్ఫ్ ష్మిడ్ ముప్పును గుర్తించి, స్థావరాన్ని మార్చడానికి అనుమతి కోరాడు. పై అధికారులు అంగీకరించలేదు. డిసెంబరు 13 తెల్లవారుజామున మంచు బ్యారక్‌లను కప్పివేసింది. సుమారు 270 మంది మరణించారు. చలికాలం ఇంకా మొదటి దశలోనే ఉంది. హెచ్చరిక ఉంది; దానిని నిరూపించే కొలతల పద్ధతి మాత్రం అప్పటికి లేదు.

అనుభవం నుంచి శాస్త్రానికి

స్విట్జర్లాండ్‌లో అటవీశాఖ అధికారి యోహాన్ కోవాజ్ 1881లోనే హిమసంపాతాలపై గ్రంథం ప్రచురించాడు. 1931లో ఆ దేశం మంచు పరిశోధనకు ఒక సంఘాన్ని నియమించింది. 1936 నుంచి దావోస్ పట్టణానికి ఎగువన వైస్‌ఫ్లూయోఖ్ వద్ద పరిశోధనలు సాగాయి. పరిశోధకులు మంచులో గుంట తవ్వి, ఒక్కొక్క పొర గట్టిదనాన్ని, ఉష్ణోగ్రతను, రేణువుల ఆకారాన్ని పరిశీలించారు.

తొలి మంచు స్వభావం ఈ పరిశీలనల వల్ల స్పష్టమైంది. మంచు కింద నేల ఉష్ణోగ్రత దాదాపు 0 డిగ్రీల వద్ద ఉంటుంది. పైన గాలి అంతకంటె చాలా చల్లగా ఉంటుంది. పొర పలుచగా ఉంటే ఈ తేడా కొద్ది మందంలోనే ఇమడవలసి వస్తుంది. అందువల్ల నీటి ఆవిరి కింది నుంచి పైకి వేగంగా కదులుతుంది. అడుగు రేణువులు ఒకదానికొకటి అతుక్కోని, పంచదార పలుకుల వంటి స్ఫటికాలుగా మారతాయి. తరవాత కురిసిన మంచు వీటిపై బరువైన పలకలా పేరుకుంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో, కొద్దిపాటి ఒత్తిడికే అడుగు పొర కూలి పలక జారిపోవచ్చు. అందుకే నేటి పరిశీలకులు చలికాలపు మొదటి రోజుల నుంచే పొరల వివరాలు నమోదు చేస్తారు.

భారతదేశంలో

మన దేశంలో హిమాలయ ప్రాంతపు హిమసంపాతాలను అధ్యయనం చేసే రక్షణ పరిశోధన సంస్థ 1969లో మనాలీలో ఏర్పడింది. అయినా ముప్పు తొలగిపోలేదు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు కింద చిక్కుకుని మరణించిన పదిమంది సైనికులలో కర్నూలు జిల్లావాసి ఒకరు.

సారాంశం

హిమసంపాత అంచనా చరిత్రలో రెండు అంశాలు కనిపిస్తాయి: మంచు పొరలను చదవగలగడం ఒకటి, చదివినవారి మాటను నిర్ణయాధికారం గలవారు వినడం రెండవది. మొదటిది 1930ల తరవాత శాస్త్రంగా స్థిరపడింది. రెండవది లోపిస్తే ఏమవుతుందో మర్మోలాడా చూపింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పలుచని తొలి మంచులో బలహీన పొర ఎలా ఏర్పడుతుంది?
2. మర్మోలాడా విషాదానికి ప్రకృతి ఎంతవరకు, మానవ నిర్ణయం ఎంతవరకు కారణమో చర్చించండి.