మంజీర మన్ను – బోధను చెఱకు

బోధను చెఱకునకు తల్లి మంజీర. బాలాఘాట్ కొండలలో బుట్టి నల్లరేగడి నేలలమీదుగా వచ్చు ఈ నదికి అచ్చంపేట, బంజెపల్లి గ్రామములకడ 1923లో ఆరంభమైన ఆనకట్ట 1931 నాటికి ముగిసెను. నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్ నిర్మించిన ఈ నిజాంసాగరము 2 లక్షల 75 వేల యెకరములకు నీరొసగుటకై యుద్దేశింపబడినది. మెట్టచేలలో వరియు చెఱకును వెలసెను. 1937లో బోధనున పంచదార కర్మాగారము స్థాపింపబడెను.

అయితే నది నీటినే కాదు, మన్నును గూడ తెచ్చును. చెట్టుచేమ తొలగించి దున్నిన ఎగువ వాలునేలలనుండి ఏటేట కొట్టుకొనివచ్చిన ఒండ్రు సాగరగర్భమున జేరెను. తొలుత 29.7 టి.ఎం.సి.లుగా నున్న నిలువ కొన్ని దశాబ్దములలోనే 11.8కి దిగజాఱెను. పిదప కట్ట నెత్తుచేయగా 17.8 అయ్యెను. ఎగువన సింగూరు జలాశయము వెలసి, మంజీర నీరు భాగ్యనగరమునకును పంచుకొనవలసినదయ్యెను. కాలువ చివరి రైతు బోరుబావి త్రవ్వించి భూగర్భజలమును తోడుకొనెను. 2015లో కర్మాగారము మూతపడెను. దానికి నీటికొఱత యొక్కటే కారణము కాదు.

వేసవిలో చెఱువు పూడిక తీసి చేలకు తోలుకొనుట పూర్వాచారము. ఇంతటి సాగరమునకు ఆ యుపాయము చాలదు. మన్నును పుట్టినచోటనే గట్లతో, చెట్లతో నిలుపవలయును. తటాకమును పెద్దలు సప్తసంతానములలో నొకటిగా నెన్నిరి. సంతానమును గనుటతో విధి తీరదు. పోషణమును గూడ చేయవలయును గదా!