గోల్కొండ నీలివజ్రపు ఉంగరం

మన ఖైరతాబాదుకు ఆ పేరు కుతుబ్ షాహీ రాకుమార్తె ఖైరున్నీసా బేగం వల్ల వచ్చిందని సభ్యులలో చాలామందికి తెలిసినదే. ఆమె పేరుతో ముడిపడిన 1626 నాటి మసీదు ఇప్పటికీ ఉన్నది. ఆ శతాబ్దంలోనే కృష్ణ ఒడ్డున, గుంటూరు సీమలోని కొల్లూరులో వజ్రాల గనులు ముమ్మరంగా నడిచాయి. గోల్కొండ వజ్రమంటే గోల్కొండలో దొరికినది కాదు. కోటలో గని లేదు; ఖజానా ఉండేది. బేరసారాలు కార్వాన్‌లో జరిగేవి. కొల్లూరులో 60,000 మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాశాడు. మగవారు తవ్వితే, ఆడవారు, పిల్లలు మట్టి మోసేవారు. ఆ మట్టిని కడిగి, ఎండబెట్టి, చేతులతో ఏరేవారు.

పంజగుట్ట, అమీర్‌పేట దుకాణాల అద్దాల వెనుక రంగురాయి చుట్టూ రవ్వలు పొదిగిన ఉంగరాలు చూసి, ధర అడగకుండా నడిచిపోయే పెన్షనర్లం మనం. 2025 ఏప్రిల్‌లో పత్రికలలో వచ్చిన ఉంగరం వేరు. అందులోని రాయి 'గోల్కొండ బ్లూ', 23.24 క్యారెట్లు. ఇది శనిదోషానికి పెట్టుకునే నీలం కాదు, వజ్రమే. బోరాన్ అనే మూలకం అణుమాత్రం కలిసినందున వజ్రానికి ఆ రంగు వస్తుంది. ఉంగరం చేసినది పారిస్‌లోని జార్ సంస్థ. మే 14న జెనీవాలో క్రిస్టీస్ వారి వేలంలో మూడున్నర నుంచి అయిదు కోట్ల డాలర్లు, అంటే సుమారు 300 నుంచి 430 కోట్ల రూపాయలు పలుకుతుందని అంచనా వేశారు. తీరా వేలానికి ముందే దానిని పాటనుంచి తీసివేశారు.

గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆ రాయి సర్వీసు రిజిస్టరు తిరగేయాలనిపించింది. 1923లో ఇందూరు మహారాజా హోల్కరు దానిని పారిస్‌లోని షోమే వారిచేత కంకణంలో పెట్టించారు. 1930లలో మోబూసాన్ సంస్థ హారంగా మార్చింది. మహారాణి ఆ హారంతో ఉన్న చిత్తరువు ఉన్నది. 1947లో న్యూయార్కు వర్తకుడు హ్యారీ విన్‌స్టన్ కొని, అంతే పరిమాణం గల తెల్లవజ్రాన్ని జోడించి బ్రోచి చేసి బరోడా మహారాజాకు అమ్మాడు. అప్పటి బరోడా మహారాజా ప్రతాప్‌సింగ్ గైక్వాడ్ రెండవ భార్య సీతాదేవి మన పిఠాపురం రాజావారి కుమార్తె. కృష్ణ ఒడ్డు రాయి గోదావరి సీమ ఆడపడుచు ఇంటికి చేరిందన్నమాట! తరువాత మళ్ళీ విన్‌స్టన్ చేతికి, అక్కడనుంచి మరొకరికి.

ఇందులో జన్మస్థలం, మొదటి నియామకం రాసే పేజీలే లేవు. ఏ గనిలో, ఏ సంవత్సరంలో, ఎవరి చేతికి దొరికిందో నమోదు కాలేదు. కొన్నవారి పేర్లన్నీ ఉన్నాయి, ఏరిన మనిషి పేరు లేదు.

కాగితం ఉంటే కథ ఎలా మారుతుందో నిజాం నగలలో చూడవచ్చు. ఉస్మాన్ అలీఖాన్ 1951, 52లలో ట్రస్టు డీడులు రాయించారు. వారసుల తగాదాలు, కోర్టు వ్యాజ్యాలు ఏళ్ళకేళ్ళు సాగినా సొత్తు చెదిరిపోలేదు. చివరకు 1995లో భారత ప్రభుత్వం 173 నగలను 218 కోట్లకు కొన్నది. నాటి రూపాయి విలువ వేరే అయినా, ఒక్క ఉంగరం అంచనా పక్కన పెట్టి చూడండి.

2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించినప్పుడు క్యాజువల్ లీవు పెట్టి వెళ్ళాను. జనమంతా 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం దగ్గరే గుమిగూడారు. తండ్రిగారి బూటులో దొరికిన దానిని ఉస్మాన్ అలీఖాన్ కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునేవారని చెబుతారు. విచిత్రమేమంటే అది దక్షిణాఫ్రికా రాయి! కొల్లూరు రాళ్ళేమో ఖండాంతరాలలో ఉన్నాయి. ఆ గనులున్న చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉన్నది.

నిజాం నగలు ముంబాయి రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంచారు. 2019లో ఢిల్లీ జాతీయ మ్యూజియంలో చూపించారు. మళ్ళీ హైదరాబాదుకు తెస్తే, మోకాళ్ళ నొప్పులున్నా క్యూలో నేనుంటాను. మన సభ్యులు కుటుంబాలతో రావాలని కోరుతున్నాను. జాకబ్ ఒక్కటే చూసి తిరిగి రాకుండా, గోల్కొండ రవ్వలు పొదిగిన నగల దగ్గర కూడా కాసేపు నిలబడండి.