ఆదివారం నడకకి జైలుకెళ్లిన కుర్రాళ్లు - మన డొంకల సంగతి

పత్తిలో గులాబీ పురుగు గురించి రాయమని చాలామంది అడిగారు, అది వచ్చే వారం రాస్తా. ఈ రోజు కాస్త చరిత్ర. పెద్ద పోస్టే, మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు చదవండి.

మేం నలుగురం ఆదివారాలు సైకిళ్లేసుకుని కొండవీడు దాకా పోతామనీ, సైకిళ్లు కింద పెట్టి కొండెక్కి వస్తామనీ మీలో కొందరికి తెలుసు. "యాభై దాటాక ఇదేం సరదా, పొలంలో నడిచేది చాలదా" అని నవ్వేవాళ్లూ ఉన్నారు. నిజమే, పనికి కాకుండా ఊరికే నడవటం అంటే టౌను వాళ్ల యవ్వారం అని మన లెక్క. కానీ ఆ ఊరికే నడవటం కోసం జైలుకి పోయిన వాళ్లున్నారు. వాళ్ల కథకీ మన పొలాల డొంకలకీ సంబంధం ఉంది, అందుకే చెబుతున్నా.

మన తాతల కాలంలో మాంచెస్టరు అంటే మిల్లుగుడ్డ. మన సాలెల మగ్గాలు మూలపడటానికి ఆ గుడ్డ ఒక కారణం. అయితే ఆ మిల్లుల్లో పనిచేసిన కూలీల బతుకూ గొప్పగా ఏమీ లేదు. వారమంతా పొగలో, దుమ్ములో ఉండేవాళ్లు. 1930ల నాటికి చాలామందికి ఆ పని కూడా పోయింది. ఆదివారం వస్తే రైల్లోనో సైకిలు మీదో ఊరి బయట కొండలకి పోయి గాలి పీల్చుకోవటమే వాళ్లకున్న సుఖం. సైకిలు అప్పటికి కూలివాడికి కూడా అందే సరుకైంది. పాత విడిభాగాలు ఏరుకుని బిగించుకునేవాళ్లు.

మాంచెస్టరుకీ షెఫీల్డుకీ మధ్య కిండర్ స్కౌట్ అని ఒక కొండ ఉంది, ఎత్తు 636 మీటర్లు. పైన చెట్టూ చేమా లేని బీడు. ఒకప్పుడు అలాంటి బీళ్లలో ఊరి జనం గొర్రెలు మేపుకునేవాళ్లు. తర్వాత కంచెల చట్టాలు తెచ్చి ఊరుమ్మడి బీళ్లని జమీందార్లకి కట్టబెట్టారు. కిండరూ అట్లాగే పోయింది. మరి ఆ బీడులో పంట పండించారా అంటే అదీ లేదు. గ్రౌస్ అని అడవికోడి లాంటి పిట్ట ఉంటుంది, దాన్ని ఏడాదిలో కొన్నాళ్లు దొరలు తుపాకులతో వేటాడేవాళ్లు. ఆ పిట్టలు బెదరకూడదని ఏడాది పొడవునా కర్రలు పట్టుకున్న కాపలా మనుషులు. రెండు పెద్ద టౌన్ల జనానికి కళ్లెదుట కొండ, అడుగు పెట్టటానికి లేదు.

1932 ఏప్రిల్ 24, ఆదివారం. బెన్నీ రోత్‌మన్ అని ఇరవై ఏళ్ల కుర్రాడు, కమ్యూనిస్టుల వైపువాడు, "అందరం కలిసి కొండెక్కుదాం రండి" అని ముందే ప్రచారం చేశాడు. రైలు స్టేషన్లో పట్టుకుందామని పోలీసులు కాచుకుని కూర్చున్నారు. ఈయన సైకిలు మీద పోయాడు! హేఫీల్డ్ ఊరి పక్కన పాత రాతి క్వారీలో నిలబడి మాట్లాడాడు, సుమారు నాలుగొందల మంది వెంట నడిచారు. పైన కాపలావాళ్లతో తోపులాట జరిగింది, ఒకరికి దెబ్బ తగిలింది. అవతలి వైపు నుంచి షెఫీల్డు వాళ్లు ఎక్కొచ్చి కలిశారు. దిగొచ్చేసరికి కింద పోలీసులు సిద్ధం.

ఇంకొకరి భూమిలో అడుగుపెట్టటం వాళ్ల చట్టంలో జైలు వేసేంత నేరం కాదు. అందుకని అల్లరి మూక, దొమ్మీ అని కేసులు పెట్టి డెర్బీ కోర్టులో ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలలు జైలు వేశారు. రోత్‌మన్‌కి నాలుగు నెలలు. మన గాంధీగారు కూడా అప్పుడు యరవాడ జైల్లోనే ఉన్నారు. అంతకు ముందటి ఏడే ఆయన ఆ లంకాషైరు మిల్లు కార్మికుల దగ్గరికి పోయి, మనం వాళ్ల గుడ్డ ఎందుకు వద్దంటున్నామో చెప్పి వచ్చారు.

ఆ ఒక్క ఆదివారంతోనే ఇంగ్లండులో అంతా మారిందని కొందరు రాస్తారు. నేను నమ్మను. 1884లోనే జేమ్స్ బ్రైస్ అనే పార్లమెంటు మెంబరు కొండల మీద జనం తిరిగే హక్కుకి బిల్లు పెట్టాడు, పోయింది. తర్వాత మళ్లీ మళ్లీ పెట్టారు, మళ్లీ మళ్లీ పోయింది. పాత నడక సంఘాల పెద్దలైతే ఈ కుర్రాళ్ల మీద కోప్పడ్డారు కూడా, నిదానంగా జరుగుతున్న మాటలు చెడగొట్టారని. ఏదేమైనా జైలు శిక్షలు విన్నాక మామూలు జనానికి మనసు కాలింది. ఆ ఏడే ఇంకో సభకి పది వేల మంది వచ్చారు.

మనలాంటి వాళ్లు గమనించాల్సింది కొండ కన్నా పొలాల మధ్య కాలిబాట సంగతి. అదే 1932లో వాళ్లు ఇంకో చట్టం చేశారు. ఒకరి పొలంలో నుంచి జనం ఇరవై ఏళ్ల పాటు బాహాటంగా, ఎవరి అనుమతీ అడక్కుండా, అడ్డు లేకుండా నడిస్తే అది జనం దారి కిందే లెక్క. యజమాని నాకు ఇష్టం లేదని బోర్డు పెట్టి చూపిస్తే వేరే సంగతి. 1949లో ఇంకో అడుగేశారు. ప్రతి జిల్లాలో కాలిబాటలన్నీ మ్యాపులకి ఎక్కించాలన్నారు. ఎక్కించింది ఎవరనుకున్నారు? మన పంచాయతీల్లాంటి పారిష్ కౌన్సిళ్లు ఊళ్లో ముసలివాళ్లని అడిగి, బాటల వెంట నడిచి రాసిచ్చాయి. కిండర్ ఉన్న ప్రాంతం 1951లో ఆ దేశపు మొదటి నేషనల్ పార్కు అయింది.

మరి రైతు నష్టపోలేదా అంటారు. అక్కడా చాలా గొడవలయ్యాయి. చివరికి చేసిన రూలు చూడండి. చేను మధ్యగా పోయే బాటని రైతు దున్నుకోవచ్చు, కానీ పద్నాలుగు రోజుల్లో మళ్లీ నడిచేట్టు చదును చేసి, ఎక్కడుందో తెలిసేట్టు పెట్టాలి. గట్టు వెంట పోయే బాటనైతే దున్నటానికే లేదు. బాట పోయే చేలో పది నెలలు దాటిన పాడిజాతి ఆబోతుని వదలకూడదు. గుర్రపుబాటల మీద సైకిళ్లు పోవచ్చని 1968లో ఒప్పుకున్నారు, అయితే నడిచేవాడికీ గుర్రానికీ సైకిలువాడు దారి ఇవ్వాలి. 2000లో కొండలూ బీళ్లూ కూడా జనానికి తెరిచే చట్టం వచ్చింది. అక్కడ మార్చి నుంచి జులై దాకా కుక్కకి తాడు తప్పనిసరి. ఇద్దరికీ బాధ్యత పెట్టారు, అది నాకు నచ్చింది.

2001లో అక్కడ గాలికుంటు వచ్చింది. మనం టీకాతో అదుపు చేసే జబ్బు, వాళ్లు అరవై లక్షలకి పైగా పశువుల్ని చంపి ఆపారు. అప్పుడు కాలిబాటలన్నీ మూసేశారు. నడిచేవాళ్లు రాక పల్లెల్లో హోటళ్లు, బస గదులు ఖాళీ. వీళ్ల వల్ల ఊరికి ఎంత డబ్బు వస్తుందో అప్పుడు అందరికీ అర్థమైంది.

2002లో, డెబ్బై ఏళ్లు నిండిన సభకి డెవన్‌షైర్ డ్యూకు వచ్చి, తన తాత చేసింది తప్పని క్షమాపణ చెప్పాడు. రోత్‌మన్ ఆ ఏడు జనవరిలోనే పోయాడు, వినలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మనం డొంక అంటాం, గోదావరి వాళ్లు పుంత అంటారు, తెలంగాణలో బండ్లబాట. కాగితం మీద మనం ఎవరికీ తీసిపోం. పొలం పటంలో డొంక గీత ఉంటుంది, రికార్డులో పోరంబోకు అని ఉంటుంది, 1905 నాటి ఆక్రమణల చట్టం ఉంది. మనకి ఎవడూ కొండ మూయలేదు, జైల్లో పెట్టలేదు. కానీ బండ్లు పోయాయి, పశువులు తగ్గాయి, అందరం తారురోడ్డున మోటారు సైకిలు మీద పోతున్నాం. డొంకలో మనిషి లేడు. ఏడాదికి ఒక సాలు ఇటువాడు, ఒక సాలు అటువాడు కలుపుకుంటున్నారు. 1984లో కరణాలు పోయాక ఏ డొంక ఎక్కడ మలుపు తిరుగుతుందో నోటితో చెప్పేవాళ్లూ తగ్గారు.

మేం పోయే దారిలో ఒక డొంక ఉంది. మా నాన్న హయాంలో రెండు బండ్లు ఎదురుపడి తప్పుకునేవి. ఇప్పుడు సైకిలు దిగి నెట్టుకుంటూ పోవాలి. లోపలి చేల వాళ్లు వరి కోత మిషన్ పోక పక్క చేను వాళ్లని ఏటా బతిమాలుతున్నారు. కిందటేడు ఒకాయన మోపులు నెత్తిన మోయించాడు, ఆ కూలి లెక్క చూస్తే ఏం మిగులుతుందో మీకు చెప్పక్కర్లేదు. కలుపుకున్నవాళ్లు కూడా మనవాళ్లే, వాళ్ల మీద కేసులు పెట్టమని నేను అనటం లేదు. వారానికి పదిమంది అటుగా పోతుంటే నాగలి పెట్టే ముందు చెయ్యి కొంచెం ఆగుతుంది, అంతే.

వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకి మా ఊరి రామాలయం దగ్గర కలుద్దాం. తారురోడ్డు వద్దు, డొంకల్లోనే కొండవీడు దాకా. సైకిలు లేనివాళ్లు సగం దూరం నడిచి వెనక్కి రావచ్చు. చిల్లకంప కొట్టటానికి రెండు కత్తులు మేం తెస్తాం. మినుము చేలు ఉన్నచోట గట్టు దిగొద్దు, కుక్కల్ని తీసుకురావద్దు. డెబ్బై దాటిన పెద్దాయన ఎవరైనా మీ ఇంట్లో ఉంటే బండి మీద ఎక్కించుకు రండి, మలుపులు ఆయన చెబితే ఫోన్లో గుర్తు పెట్టుకుందాం. రాలేనివాళ్లు మీ ఊరి డొంక పటంలో ఎన్ని గజాలుందో, నేల మీద ఎన్ని గజాలుందో కింద రాయండి.