నీళ్ల కబురు

జ్యోతినగర్ అనగానే అందరికీ ఎన్టీపీసీ కాలనీ, పొగగొట్టాలు, కరెంటు గుర్తుకొస్తాయి. దాని చుట్టుపక్కల ఊళ్లలో రెండెకరాలు, మూడెకరాలు దున్నుకునే వాళ్లున్నారు. వాళ్లలో మా ఆదివాసీలమూ ఉన్నాం. నీళ్ల కబురు ఈ చిన్న రైతుల దాకా ఎట్లా చేరుతూ వచ్చిందో రాయాలనిపించింది.

చెరువుల కింద సాగు నడిచిన రోజుల్లో ఆ పని నీరటిది. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో ఆయనే చూసేవాడు. ఊరందరికీ చెప్పాల్సి వస్తే డప్పు చాటింపు. చివరి మడి రైతుకూ అది వినపడేది. మా గూడేలకు మాత్రం ఆ చప్పుడు అన్నిసార్లూ రాలేదు. చెరువు కింది భూములు మావి కావు గదా!

1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువ మీదుగా ఈ వైపు వచ్చాక కాలువ కబురు కోసం ఎదురుచూపు మొదలైంది. తర్వాత బోర్లు వచ్చాయి. ఎవరి మోటరు వాళ్లది, నీరటితో పని లేకుండా పోయింది. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఆటో స్టార్టరు పెట్టుకుంటే మనిషి లేకున్నా మోటరు నడుస్తుంది. ఇక్కడ బొగ్గు గనులు కూడా ఉన్నాయి. గని నడవాలంటే ఊరే నీటిని తోడి బయట పోయాల్సిందే. భూమి లోపల ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు?

ఆ లెక్క రైతులే వేసుకున్న సంగతి ఒకటుంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడిపే భూగర్భజల పథకం మొదలైంది. వాటిలో నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురం ఉన్నాయి. ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఆ అంకెలు ఊళ్లో బోర్డు మీద రాశారు. యాసంగికి ముందు కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు ఎన్ని కావాలో చూసుకున్నారు. వరి మానమని ఎవరూ బలవంతపెట్టలేదు. లెక్క చూసి తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లిన వాళ్లున్నారు.

2016 తర్వాత డేటా చౌకై వాట్సాప్ గ్రూపులు ఊరూరా వచ్చాయి. డ్రిప్పు పైపులు బిగించే వీడియోలు చూసి నేర్చుకున్న వాళ్లను మేం ఎరుగుదుం. అది మంచిదే. కానీ ఒకసారి ఎప్పటిదో కాలువ పారుతున్న వీడియో గ్రూపుల్లో మళ్లీ తిరిగింది. దాని మీద తేదీ లేదు. అది నమ్మి మా వాళ్లు కొందరు నారు పోశారు. నీళ్లు రాలేదు, నారు ఎండింది. ఆ కబురు మొదట పంపిందెవరో ఈ రోజుకీ తేలలేదు. నీరటి తప్పు చెబితే రచ్చకట్ట దగ్గర నిలదీసేవాళ్లు.

అందుకే మేం బడిలో ఒక పని పెట్టాం. వారానికోసారి పెద్దలు తాడుకు రాయి కట్టి ఊరి బావిలో నీటిమట్టం కొలుస్తారు. పిల్లలు ఆ అంకెను తేదీతో సహా బడి గోడ మీద రాస్తారు. దాని ఫొటో గ్రూపులో పెడతాం. ఫోను లేని అవ్వలు గోడ దగ్గర ఆగి, పోయిన వారం అంకె ఎంతని పిల్లల్ని అడుగుతున్నారు.