ఏడు పాయల్లోనూ ఒకే నీళ్ళు

ఒక చిన్న ప్రశ్న. వానాకాలం, సింగూరు గేట్లు ఎత్తారని తెలిసింది. మీ అమ్మానాన్నలు అదే రోజు ఏడుపాయల వెళ్దామని బయల్దేరుతున్నారు. నీళ్ళు ఎంత వదిలారు, గుడి దాకా వెళ్ళనిస్తున్నారా లేదా అన్నది తెలుసుకోడానికి మీరు ఏ ఛానెల్ పెడతారు?

నేనైతే ఏ ఛానెలూ పెట్టను. పాపన్నపేటలో తెలిసినవాళ్ళకి ఫోన్ చేస్తాను. మీరూ అదే చేస్తారని నా అనుమానం. రోజంతా వార్తలు తప్ప ఇంకేమీ చెప్పని ఛానెళ్ళు ఇన్ని ఉన్న మన భాషలో, ప్రాణాలతో పనిబడినప్పుడు మాత్రం తెలిసినవాళ్ళకి ఫోన్ చేసుకునే స్థితికి వచ్చాం. ఇది ఎలా జరిగిందన్నదే నా గొడవ.

ఏడుపాయల తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మెదక్ పట్టణానికి దగ్గర్లో, పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య రాళ్ళలో వనదుర్గా భవాని గుడి. మహాశివరాత్రికి పెద్ద జాతర. జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని, ఏడు పాయలకూ ఋషుల పేర్లున్నాయని చెప్పుకుంటారు. పక్కనే నిజాం కాలంలో, 1905 ప్రాంతంలో కట్టిన ఘనపురం ఆనకట్ట. ఎగువన దాదాపు 30 టీఎంసీల సింగూరు. అక్కడ గేట్లు ఎత్తితే ఆ నీళ్ళు రావాల్సింది ఇటే. వరద పెద్దదైతే గుడి మూసేసి, రాజగోపురం దగ్గర ఉత్సవ విగ్రహం పెట్టి పూజలు చేస్తారు.

అంటే అక్కడికి వెళ్ళేవాడికి కావలసిన వార్త రెండు మూడు అంకెలు. ఎన్ని గేట్లు, ఎన్ని క్యూసెక్కులు, ఎన్ని గంటలకి. మనకి టీవీలో దొరికేది "మంజీర మహోగ్రరూపం", "జలదిగ్బంధంలో అమ్మవారు", వెనక గుండెలు అదిరే సంగీతం. చూపిస్తున్న నీళ్ళు ఇవాళ్టివో పోయినేడాదివో తెలీదు. జాతరప్పుడు కూడా అంతే. "లక్షలాదిగా తరలివచ్చిన భక్తజనం" అంటారు. ఎవరు లెక్కపెట్టారు, ఎలా లెక్కపెట్టారు అని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మన ఉద్యోగాల్లో డాష్‌బోర్డు మీద ఒక అంకె పెడితే, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకుండా మీటింగులోంచి బయటపడలేం కదా!

సరే, ఇదివరకంతా బంగారమేనా? నాకు ఆ భ్రమ లేదు. తెలుగు పత్రికలకి మొదట్నుంచీ యజమానులున్నారు, వాళ్ళకి అభిప్రాయాలున్నాయి, వ్యాపారాలూ ఉన్నాయి. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికని వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు అమృతాంజనం అమ్మినాయనే. అంచేత "వ్యాపారస్తుల చేతుల్లోకి వెళ్ళాక చెడిపోయింది" అనే మాట పూర్తిగా నిజం కాదు. తేడా ఇంకెక్కడో ఉంది.

ఆ తేడా చూడాలంటే ఏడుపాయలకి ఎంతో దూరంలో లేని జోగిపేట వెళ్ళాలి. 1930లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది అక్కడే. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. అప్పటికి నాలుగేళ్ళ ముందు, 1926లో, ఆయన హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకే దిక్కులేని రోజులవి. తెలంగాణలో అసలు తెలుగు కవులే లేరని ఎవరో పండితుడు ఒక మాటన్నాడు. ఇవాళైతే ఆ ఒక్క మాట మీద సాయంత్రం ఆరు పెట్టెల్లో ఆరుగురు కూర్చుని అరుచుకునేవారు. సురవరం ఏం చేశాడో తెలుసా? ఊరూరా కవుల వివరాలు తెప్పించాడు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశాడు. తిట్టుకి జవాబుగా డేటా ఇచ్చాడన్నమాట! ఆయనకి పక్షం లేదా? బ్రహ్మాండంగా ఉంది. తెలంగాణ తెలుగువాళ్ళ పక్షం అని బాహాటంగా చెప్పుకున్నాడు. కానీ పక్షం ఉంది కదా అని లెక్క మానెయ్యలేదు.

రాసినదానికి మూల్యం చెల్లించినవాళ్ళూ ఉన్నారు. హైదరాబాదు ఇండియాలో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆపాలని ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రికలో రాసిన షోయబుల్లాఖాన్‌ని 1948 ఆగస్టులో నడిరోడ్డు మీద చంపారు. రాసిన చేతిని నరికారు. ఇవాళ ఆయన పేరు చెప్తే మనలో ఎంతమందికి తెలుసు?

తరవాత మెదక్ వంతు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టి పత్రికల మీద సెన్సారు విధించిన ఇందిరాగాంధీ, 1980లో రాయబరేలీలోనూ మెదక్‌లోనూ గెలిచి మెదక్‌నే ఉంచుకుంది. ఎమర్జెన్సీలో కొన్ని పత్రికలు సంపాదకీయం చోటు ఖాళీగా వదిలి నిరసన చెప్పాయి, చాలా పత్రికలు చెప్పినట్టు విన్నాయి. అప్పటికి రేడియో ఎటూ ప్రభుత్వానిదే. దాని ఫలితం 1984 అక్టోబరు 31న కనబడింది. పొద్దున ఇందిరమ్మ మీద కాల్పులు జరిగితే, ఆమె చనిపోయినట్టు ఆకాశవాణి అధికారికంగా చెప్పేసరికి సాయంత్రమైంది. బీబీసీ అంతకు ముందే చెప్పేసింది. మెదక్ జనం ఓటేసి గెలిపించుకున్న మనిషి చావు కబురు సొంత దేశపు రేడియో కంటే లండన్ రేడియో ముందు చెప్పింది. చేతిలో ఉన్న వార్తని దాచిపెట్టడం కూడా నమ్మకాన్ని చంపుతుంది. మిగిలిన ఖాళీని పుకారు నింపుతుంది.

ఇక మన అమ్మానాన్నల కాలం. 1974 ఆగస్టులో విశాఖలో ఈనాడు మొదలైంది. తెల్లారకముందే పేపరు గుమ్మంలో పడటం, వాడుక భాష, 1989 నుంచి జిల్లాకో చిన్న పేపరు... ఇవన్నీ నిజంగా పెద్ద మార్పులు. అంతకు ముందు పాపన్నపేట లాంటి ఊరి పేరు పేపర్లో రావాలంటే వరదో హత్యో జరగాలి. జిల్లా పేజీలొచ్చాక బోరుబావి చెడిపోయినా వార్తే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే, పేపరు ఆ కబురుని పల్లెపల్లెకీ మోసింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్ళింది. అది పత్రిక బలం. మెచ్చుకోవాల్సిందే.

కానీ అదే జిల్లా పేజీ పునాదిలో ఒక బగ్ ఉంది. మండలానికి ఒక విలేకరి కావాలి. అంతమందికి జీతాలిచ్చే స్తోమతు లేదు, లేదా ఇష్టం లేదు. అంచేత కంట్రిబ్యూటర్ అన్నారు. రాసినదానికి కొలత ప్రకారం నాలుగు రూపాయలు, ప్రకటనలు తెస్తే కమీషను. జాతర ప్రత్యేక పేజీకి ఎవరి దగ్గర ప్రకటన అడగాలి? స్థానిక నాయకుడి దగ్గర, కాంట్రాక్టరు దగ్గర. మర్నాడు ఎవరి గురించి వార్త రాయాలి? అదే నాయకుడి గురించి, అదే కాంట్రాక్టరు గురించి! ఆ కుర్రాడు చెడ్డవాడు కానక్కర్లేదు, సిస్టమే అలా డిజైన్ చేశారు. కాగితం ఖర్చుకి కూడా రాని ధరకి మనం పేపరు కొంటాం. మిగతా డబ్బు ఎవరిస్తే పేపరు వాళ్ళది.

దాని చివరి మెట్టు 2009 ఎన్నికలు. వార్తల్ని రేటు కట్టి అభ్యర్థులకి అమ్మారు. లోక్‌సత్తా అభ్యర్థి ఒకాయన వార్త కోసం ఇచ్చిన డబ్బుని నిజాయితీగా ఎన్నికల ఖర్చులో చూపించాడు కూడా. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో కమిటీ వేసింది. ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, రెండోవారు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి. వాళ్ళు పేర్లతో సహా రాశారు. 2010లో కౌన్సిల్ ఆ పేర్లు తీసేసి ఒక చిన్న నివేదిక బయట పెట్టింది. కేంద్ర సమాచార కమిషన్ చెప్పాక, 2011లో గానీ పూర్తి నివేదిక జనానికి దొరకలేదు. రోజూ ఇతరుల గుట్టు విప్పే రంగం సొంత గుట్టుని అలా కాపాడుకుంది.

టీవీ సంగతి వేరే చెప్పాలా? 2004లో టీవీ9 వచ్చాక పోటీ నిమిషాల్లోకి దిగింది. 2008లో సాక్షి వచ్చాక ఏ పేపరు ఏ పార్టీదో చిన్నపిల్లలు కూడా చెప్పడం మొదలైంది. 2010 జనవరి 7న జరిగింది గుర్తుందా? వైఎస్ హెలికాప్టర్ ప్రమాదం వెనక అంబానీలున్నారని ఒక విదేశీ వెబ్‌సైట్‌లో నాలుగు నెలల కిందట వచ్చిన ఆధారం లేని రాతని టీవీ5 చదివేసింది, ఇంకొన్ని ఛానెళ్ళు అందుకున్నాయి. గంటల్లో రాష్ట్రమంతా రిలయన్స్ దుకాణాల మీద దాడులు. ఒక్క ఫోన్ కాల్‌తో, ఒక్క పూట ఆగితే సరిపోయేది. నలుగురు చెప్తున్నారు కాబట్టి నిజమేనేమో అనుకున్నాం. నలుగురూ ఒకే చోట నుంచి ఎత్తారని తెలిసేసరికి అద్దాలు పగిలిపోయాయి.

ఏడుపాయల నాకు గుర్తొచ్చేది ఇక్కడే. పాయలు ఏడైనా నీళ్ళు ఒకటే. పైన సింగూరు దగ్గర ఏం కలిసినా ఏడింట్లోకీ వస్తుంది. ఏడు ఛానెళ్ళు మార్చి చూశాం కాబట్టి ఏడు ఆధారాలు దొరికాయనుకోవడం అలాంటిదే. దాన్ని మన భాషలో రిడండెన్సీ అనం. ఒకే డేటాబేస్ మీద ఏడు స్క్రీన్లు, అంతే.

మరీ నిరాశ పడకుండా ఒక్క మాట. పాత మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్ వైపు మాచనూరులో సంఘం రేడియో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వెనకుండి, దళిత మహిళా రైతులు నడిపే రేడియో. స్టూడియో ముందే ఉన్నా లైసెన్సు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలుపెట్టారు. పెద్ద జర్నలిజం డిగ్రీలు లేవు. వాళ్ళు మాట్లాడేది విత్తనాల గురించి, పంటల గురించి, ఊరి సంగతుల గురించి. తప్పు చెప్తే మర్నాడు పొద్దున చేను దగ్గర ఎవరో ఒకరు నిలదీస్తారు. వినేవాడు పక్కింటివాడే కదా. నమ్మకం అనేది ఈ దగ్గరితనంలో ఉంది. స్టూడియో లైట్లలో లేదు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మీడియా చెడిపోయిందని కాంటీన్లో టీ తాగుతూ తిట్టుకోవడం సులువు. నెలకి మూడు సినిమా యాప్‌లకి డబ్బు కట్టే మనం, వార్తకి ఎంత కడుతున్నాం? సున్నా. ఊరికే వచ్చేది ఎవరో ఒకరు డబ్బు కట్టి పంపిస్తున్నదే అని మనకంటే బాగా ఎవరికి తెలుసు? థంబ్‌నెయిల్ మీద ఎర్రబాణం పెడితే ఎన్ని క్లిక్కులు పెరుగుతాయో కొలిచే కోడ్ రాసేది కూడా మనవాళ్ళే.

అందుకని నేను చిన్న నియమాలు పెట్టుకున్నాను. అంకె కనబడితే ఎవరు లెక్కపెట్టారో వెతకడం. ఒకే వార్త నాలుగు చోట్ల కనబడితే మొదట ఎవరు చెప్పారో చూడటం. తప్పుకి సవరణ వేసుకునే పత్రికకి, అభిప్రాయం నచ్చకపోయినా సరే, చందా కట్టడం. ఇంటి వాట్సాప్ గ్రూపులో వరద వీడియో వస్తే తేదీ అడగడం. బాబాయిలకి కోపమొస్తుంది, ఏం చేస్తాం :)

వచ్చే వానాకాలం సింగూరు నిండితే మళ్ళీ గేట్లు ఎత్తుతారు. ఆ రోజు పాయ ఒడ్డున నిలబడ్డ పెద్దావిడకి కావలసింది "మహోగ్రరూపం" కాదు, ఇవాళ దాటొచ్చా వద్దా అన్న ఒక్క మాట. ఆ మాట నమ్మకంగా చెప్పగలిగేవాడికి నేను డబ్బు కట్టడానికి సిద్ధం. మరి మీరు?