దివాను గారు మా ఇంటికొచ్చారు

మహేశ్వరంలో ఓ పాత ఇంటి సామాను అమ్ముతున్నారంటే మావారిని బతిమాలి బయల్దేరాను. టేకు దివాను! చూడగానే మనసు పారేసుకున్నాను.

దివాను మొదట్లో మంచం కాదండోయ్. పారశీకంలో లెక్కల దస్తరం, తర్వాత కొలువు. కొలువులో గోడవారన పరిచే మెత్తలకీ ఆ పేరే వచ్చింది. నిజాం రాజ్యంలో ప్రధానమంత్రే దివాను. 1853లో మొదటి సాలార్‌జంగ్ 24 ఏళ్ళకే ఆ పదవి అందుకున్నాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఎన్నో దేవిడీల సామాను బజారుకెక్కింది. కొన్నవాళ్ళకి చవక, అమ్మినవాళ్ళకి కన్నీళ్ళు.

కొనేటప్పుడు నగిషీ చూసి మురిసిపోకూడదు. కోళ్ళ కింద పుచ్చు పొడి రాలుతోందా, అతుకుల్లో చెక్క మేకులున్నాయా, కొత్త స్క్రూలు దిగ్గొట్టారా అని వంగి చూడాలి. నేనూ చూశాను. ఒక కోడు కాస్త పుచ్చింది. ఇంకేం, ధర తగ్గించమందామనుకున్నాను.

ఇంటి పెద్దావిడ దివాను నిమురుతూ, "దీనిమీద ఎవరు పండుకుంటరు బిడ్డా?" అంది.

"మా అత్తగారండీ. మోకాళ్ళ నొప్పులు, ఎత్తు మంచం ఎక్కలేరు."

"మా అత్త గూడ దీనిమీదనే పండుకునేది. తీస్కపో."

బేరం నా నోట్లోనే ఆగిపోయింది. అడిగినంతా ఇచ్చేశాను. మావారు ఒక్క మాటా అనలేదు. వడ్రంగికి కొత్త కోడు పురమాయించింది కూడా ఆయనే!